వెల్లుల్లి వాసన వేసిన హెడ్‌ఫోన్లు

చెవి మీద కూర్చునే హెడ్‌ఫోన్ల కాలం పోయి, చెవిలోకే దూరిపోయే రబ్బరు బుడిపెల హెడ్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఆ రోజుల్లో కోపాలు కూడా ఇప్పటికంటే నాణ్యంగా ఉండేవని నా గట్టి నమ్మకం. ఇప్పుడెవరి మీదైనా ఒళ్ళు మండితే ఫోన్లో నాలుగు ముక్కలు కొట్టి పంపేస్తాం, అంతటితో చల్లారిపోతుంది. అప్పుడలా కుదిరేది కాదు. ఢిల్లీలోని ఓఖ్లాలో వచ్చిన కోపాన్ని షటిల్ రైల్లో, స్వెట్టర్లూ శాలువాలూ కప్పుకున్న జనం మధ్య నలిగిపోకుండా ఫరీదాబాద్ దాకా మోసుకెళ్ళి, ఇంట్లో వాళ్ళ ముందు దించాల్సి వచ్చేది. నాకు అసలే ముక్కు మీద కోపం. ఈ సంగతంతా చెవికి సంబంధించిందే అయినా, చివర్లో ముక్కుకి కూడా పని పడుతుంది కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

తణుకులో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ ఢిల్లీ చేరి, ఫరీదాబాద్‌లో గవర్నమెంటు క్వార్టర్సులో ఉండే మా పిన్ని ఇంట్లో దిగాను. బాబాయి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. వాళ్ళమ్మాయి బుజ్జి పదకొండో క్లాసు చదువుతోంది (తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది). నాకు ఓఖ్లాలో ఒక పత్రికాఫీసులో ఉద్యోగం దొరికింది. టీవీలూ, కెమెరాలూ, హెడ్‌ఫోన్లూ వాడి చూసి ఏది మంచిదో జనానికి చెప్పే ఇంగ్లీషు మాసపత్రిక అది. ఇంటర్వ్యూలో నాకేం వచ్చని అడిగితే, "చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాను సార్, నా చెవులు చాలా పదును" అని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆ చెవుల్ని నమ్మే తీసుకున్నారు, అదీ ప్రొబేషన్ మీద. ఇంట్లో మాత్రం కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగమని చెప్పాను. పాటలు వింటే, సినిమాలు చూస్తే జీతమిస్తారంటే మా బాబాయి పడీపడీ నవ్వుతాడు, ఆ తర్వాత తణుక్కి ఫోన్ చేసి అందరినీ నవ్విస్తాడు. ఆ నవ్వు తలుచుకుంటేనే నాకు చిర్రెత్తుకొచ్చేది.

మా ఎడిటర్‌కి నేను మనసులో తందూర్ సాబ్ అని పేరు పెట్టుకున్నాను. ఆయన పొద్దున్నే రాజుకుంటే సాయంత్రం దాకా ఆరేవాడు కాదు. ఆ చలికాలంలో ఒకరోజు నా బల్ల మీద మూడు పెట్టెలు పడేశాడు. మూడూ చెవిలోకి దూరే రకం హెడ్‌ఫోన్లే. "పాటలకి ఏది, సినిమాలకి ఏది, పోల్చి రాయి. కాన్ తేజ్ హై బోలా థా నా, చెవులు పదునని? దిఖా అబ్, చూపించు. ఇది బాగా రాస్తే నౌకరీ పక్కా, లేకపోతే రాజధానిలో తిరుగు టికెట్టు" అన్నాడు. (తణుక్కి రాజధాని ఎక్స్‌ప్రెస్ వెళ్ళదని చెబుదామనుకున్నాను. ఆయన మొహం చూసి ఊరుకున్నాను.) మూడింట్లో నల్లది చవకరకం, చెవిలో వదులుగా వేలాడేది. తెల్లది మధ్యరకం. మూడోది వెండిరంగులో మెరిసిపోతూ, తోలు సంచీ, రకరకాల సైజుల రబ్బరు బుడిపెలు, తుడుచుకునేందుకు గుడ్డా, ఇన్ని లాంఛనాలతో దిగబడింది. అందుకని దానికి పెద్దల్లుడు అని పేరు పెట్టాను. పెద్దల్లుడు బుద్ధిమంతుడైతే నా ఉద్యోగం పక్కా అయిపోయి, ఈ కథ ఉండేదే కాదు.

నల్లదాన్ని, తెల్లదాన్ని ఆఫీసులోనూ రైల్లోనూ విన్నాను. చవకదైనా నల్లది పరువు నిలబెట్టుకుంది. ఒకపక్క షటిల్లో పేకాట బృందం, ఇంకోపక్క తాళాలు వాయిస్తూ భజన బృందం, వాటి మధ్య కూడా పాట పాటలాగే వినిపించింది. తెల్లది సినిమాల్లో బాంబులు పేలితే దవడలు అదిరేలా వినిపించేది. పెద్దల్లుడి స్థాయికి రైలు తగదు కాబట్టి, మర్యాదగా ఇంటికి తీసుకెళ్ళి, ఆదివారాలు తీరిగ్గా వినాలని నిర్ణయించుకున్నాను. మొదటి ఆదివారం పిన్ని నూనెతో తలంటి పోశాక, చెవుల్లో తడీ జిడ్డూ ఆరకముందే బాబాయి కంప్యూటర్ వెనక తీగ గుచ్చి, వయొలిన్ ఎక్కువగా ఉండే ఒక పాత సినిమా పాట పెట్టి, బుడిపెలు లోపలికి నొక్కుకుని కళ్ళు మూసుకున్నాను. గాయని ఎక్కడుందో తెలియలేదు. నాలుగు గదుల అవతల, తలుపు వేసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టుంది. వేలితో ఇంకా లోపలికి నొక్కాను, మొహం చిట్లించాను, పళ్ళు కొరికాను, తల ఒకపక్కకి వంచాను. యుద్ధం సినిమా పెట్టాను. బాంబు పేలితే పక్కింట్లో ఎవరో పరుపు దులిపినట్టుంది. ఇంత ఖరీదు పెట్టి జనం కొనుక్కునేది ఇదా అని అరికాలి మంట నెత్తికెక్కింది.

నేనలా మొహం చిట్లించుకుని చెవిలో వేలు పెట్టుకున్న సమయంలోనే పిన్ని వంటింట్లోంచి వచ్చి, ఎదురుగా నిలబడి ఏదో అడిగింది. చెవుల్లో బుడిపెలున్నాయి, మాట వినపడలేదు. ఏ కాఫీ కావాలా అనో అడిగి ఉంటుందని తలూపాను. కాఫీ రాలేదు. కాసేపటికి చిన్న స్టీలు గరిటెతో పిన్నే వచ్చింది. నువ్వులనూనెలో వెల్లుల్లి రేకలు వేసి ఎర్రబడేదాకా కాచి, గోరువెచ్చగా చల్లార్చి తెచ్చింది. "అవి తీసేసి పక్కకి తిరిగి పడుకో నాయనా" అంది. ఎందుకని అడగాల్సిన అవసరం నాకు కనిపించలేదు. మా వంశంలో చెవిలో నూనె పడకుండా పెరిగినవాడు లేడు. పైగా తణుకులో మా వయొలిన్ మాస్టారు, పాడేవాడికి గొంతులో మిరియం, వినేవాడికి చెవిలో నూనె ఉండాలని చెబుతూ ఉండేవారు. అంచేత పిన్నికి తెలియకుండానే నా ఉద్యోగానికి సాయం చేస్తోందని లోలోపల మురిసిపోయాను కూడా. రెండు చెవుల్లోనూ పోసి, దూది పెట్టి, కాసేపాగి దూది తీసింది. చెవులు పదునెక్కాయి కదా అని వెంటనే పెద్దల్లుణ్ణి మళ్ళీ తగిలించాను. ఈసారి గాయని నాలుగు గదుల అవతల కూడా లేదు.

ఇక్కణ్ణుంచి ఆ ఇంట్లో ఒక చక్రం మొదలైంది. పెద్దల్లుడు సరిగ్గా వినిపించకపోతే నేను మొహం చిట్లించేవాణ్ణి. నేను మొహం చిట్లిస్తే పిన్ని నూనె వెచ్చబెట్టేది. నూనె పోస్తే పెద్దల్లుడు ఇంకా మూగబోయేవాడు. ఆదివారాల నూనె కాస్తా రోజూ పొద్దున కూడా మొదలైంది. నా భోజనంలో మిరియాల చారు ఎక్కువైంది. రైలుకి బయల్దేరుతుంటే చెవులు మూసేలా మఫ్లర్ చుట్టి ముడి వేసేది. "పెరుగు వెయ్యకే వాడికి" అని బుజ్జిని కసిరేది. నాకు పెరుగంటే ప్రాణం, దాన్ని ఆపేయడంతో కోపం రెట్టింపైంది. ఆ కోపం కూడా పెద్దల్లుడి ఖాతాలోకే వెళ్ళింది. రాయడానికి ముందు ఆఖరిసారి వినాల్సిన ఆదివారం నాడు, ఇక లాభం లేదని నేనే పక్కకి తిరిగి పడుకుని, "ఇంకో రెండు చుక్కలు వెయ్యి పిన్నీ, ఇవాళ చెవి చాలా పదునుగా ఉండాలి" అన్నాను. పిన్ని నా తల నిమిరి, "వేస్తాలే నాయనా" అంది, ఎందుకో కళ్ళు తుడుచుకుంటూ. (వెల్లుల్లి ఘాటు అనుకున్నాను.)

తర్వాత కూర్చుని రాశాను. అంత కసిగా నేను మళ్ళీ ఏదీ రాయలేదు. 'ఈ హెడ్‌ఫోన్లలో గాయని బావిలో పడిపోయి పాడుతూ ఉంటుంది. వయొలిన్ విద్వాంసుడు ఆమెను పైకి లాగకుండా గట్టు మీద దుప్పటి కప్పుకుని వాయిస్తూ ఉంటాడు. యుద్ధం సినిమాలో బాంబులు పేలుతున్నంతసేపూ పక్కింట్లో పరుపులు దులుపుతూ ఉంటారు. డబ్బెక్కువైనవాళ్ళు ఇవి కొనుక్కుని, నిశ్శబ్దాన్ని ఆస్వాదించవచ్చు.' తందూర్ సాబ్ చదివి మొదటిసారి నవ్వాడు. అయినా అనుమానపు మనిషి కాబట్టి పెద్దల్లుణ్ణి తన చెవుల్లో పెట్టుకుని స్వయంగా విన్నాడు. "సహీ బోలా. సచ్ మే కువాఁ హై" అన్నాడు, అవును నిజంగానే బావి అని. ఆయనకి అప్పుడు పడిశం పట్టి, ముక్కులు రెండూ దిబ్బడేసి ఉన్నాయి. ఆ ముక్కులే గనక పనిచేసి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. "గుస్సా అచ్ఛా హై తేరా, ఛాప్ దో" అని, నీ కోపం బాగుందంటూ అచ్చుకి పంపేశాడు.

పత్రిక బజారులోకి వచ్చిన కొన్నాళ్ళకి, పెద్దల్లుణ్ణి పంపిన కంపెనీ మనిషి గుడ్‌గావ్ నుంచి టై కట్టుకుని వచ్చాడు. ముందు చాలా మర్యాదగా మాట్లాడాడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది. మా గదిలో పొడుగు బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. అతను పెద్దల్లుణ్ణి అందుకుని చెవి దాకా తీసుకెళ్ళి, ఆగిపోయి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి వాసన చూశాడు. "సర్, ఇస్ మే సే తో తడ్కే కీ ఖుష్బూ ఆ రహీ హై" అన్నాడు, దీంట్లోంచి తాలింపు వాసన వస్తోందని. ఎవరో కిసుక్కుమన్నారు. అతను రబ్బరు బుడిపె ఊడదీసి, లోపలున్న సన్నటి జాలీని తెల్లటి రుమాలుకి అద్దాడు. పసుప్పచ్చటి మరక పడింది. దాన్నందరికీ తిప్పి చూపించాడు. "ఇది హెడ్‌ఫోనా, దాల్‌లో ముంచే గరిటా?" అని హిందీలో అడిగాడు. తందూర్ సాబ్ పడిశం అప్పటికి తగ్గిపోయింది. రుమాలు దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చి, నా వంక చూశాడు.

కంపెనీ మనిషి జేబులోంచి కొత్త జాలీలు తీసి తగిలించి, తందూర్ సాబ్ చెవుల్లో పెట్టాడు. పాట మొదలవగానే ఆయన మొహం విచ్చుకుంది, కనుబొమలు పైకి లేచాయి, బల్ల మీద వేళ్ళతో తాళం కూడా వేశాడు. "అబ్ తూ సున్" అని, ఇప్పుడు నువ్వు వినమంటూ నాకిచ్చాడు. నేను పెట్టుకున్నాను. అసలు దారుణం అప్పుడు జరిగింది. నా చెవుల్లో పొద్దుటి నూనె అలాగే ఉంది. గాయని ఇంకా బావిలోనే ఉంది. నాకు కోపం నషాళానికంటి, ఇంతెత్తున లేచి, "మీరంతా ఒకటైపోయారు! ఇప్పటికీ బావే! బావే!" అని అరిచాను. గది గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా కంపెనీ మనిషి నవ్వాడు. తందూర్ సాబ్ మాత్రం నవ్వలేదు. "ఓయ్ వయొలిన్‌వాలే! ముందు డాక్టర్ దగ్గరికెళ్ళి కాన్ దిఖా కే ఆ. మళ్ళీ విను, మళ్ళీ రాయి. అది చూశాక నీ నౌకరీ సంగతి చూస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం షటిల్లో ఓఖ్లా నుంచి ఫరీదాబాద్ దాకా పిన్నిని ఏమేమనాలో వరసగా పేర్చుకున్నాను. తుగ్లకాబాద్ దాటేసరికి నూనె గురించి అయిపోయి, మిరియాల చారు మీదికి వచ్చాను. భజన బృందం వాళ్ళు నన్ను కూడా చప్పట్లు కొట్టమన్నారు. వాళ్ళ మీద కూడా అరిచాను. ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా, "నీ వెల్లుల్లి నూనె నా ఉద్యోగం తినేసింది పిన్నీ! పదిమందిలో నా చెవి పరువు తీసింది! ఎవడు పొయ్యమన్నాడు నిన్ను?" అని మొదలుపెట్టి, దాచిన ఉద్యోగం సంగతి సహా మొత్తం కక్కేశాను. బాబాయి పేపరు దించి, "అంటే, పాటలు విన్నందుకు జీతమా?" అన్నాడు. తర్వాత, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. నీ చెవిలో నూనె పెట్టుకుని వాడి వస్తువు ఓడంటావేంట్రా?" అని నేను భయపడిన నవ్వు నవ్వనే నవ్వాడు. బుజ్జి పుస్తకంలోంచి తలెత్తకుండా, "భయ్యా, ఆప్ హీ తో బోల్ రహే థే, దో బూంద్ ఔర్" అంది, ఇంకో రెండు చుక్కలన్నది నువ్వే కదా అని. వాళ్ళిద్దరి మీదా ఒంటికాలి మీద లేవబోయాను.

పిన్ని మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నీకు చెవి నొప్పి కాదూ?" అంది.

"నొప్పేంటి?"

"అదేవిట్రా, రోజూ చెవిలో వేలు పెట్టుకుని, మొహం అంతలా చేసుకుని, పళ్ళు బిగబట్టి కూర్చుంటున్నావు. నొప్పిగా ఉందా నాయనా అని ఆ మొదటి రోజే అడిగితే తలూపావు. ఇంకో రెండు చుక్కలు వెయ్యమని నువ్వే బతిమాలావు. పరాయి ఊళ్ళో, పరాయి ఇంట్లో ఉన్నాననుకుని పిల్లాడు నోరు విప్పి చెప్పుకోలేకపోతున్నాడే అనుకున్నాను. ఎంత నొప్పొస్తే అలా అడుగుతావో అని ఏడుపొచ్చింది కూడా" అంది.

కాఫీకని తలూపింది గుర్తొచ్చింది. అయినా కోపమంటే రైలు లాంటిది, బ్రేకు వేసిన చోట ఆగదు. "నేను పరాయివాణ్ణని ఎవరన్నారు? అలా ఎలా అనుకుంటావు?" అని ఆవిడ మీద ఇంకో అరుపు అరిచి, అన్నం తినకుండా పడుకున్నాను. తర్వాత బుజ్జి పెరుగన్నం తెచ్చి తలదగ్గర పెట్టి వెళ్ళింది. ఎవరు పంపారో చెప్పలేదు. కోపంగానే తిన్నాను.

మర్నాడు డిస్పెన్సరీలో డాక్టరు నా చెవిలోకి లైటు వేసి చూసి, ఇంట్లో పకోడీలు వేస్తారా అని అడిగాడు. అతని మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. చెవులు కడిగించుకుని బయటికొస్తే ప్రపంచమంతా నా మీద అరుస్తున్నట్టుంది. రిక్షావాడి బెల్లు, వేరుశెనగలు వేయించేవాడి గరిటె, నా సొంత చెప్పుల చప్పుడు, అన్నీ గట్టిగా వినిపించాయి. ఆఫీసుకెళ్ళి పెద్దల్లుణ్ణి చెవిలో పెట్టుకున్నాను. గాయని పాడేముందు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. వయొలిన్ మీద కమాను మలుపు తిరిగేచోట చిన్న గీరుడు ఉంటుంది చూడండి, వాయించినవాళ్ళకే తెలిసే గీరుడు, అది వినిపించింది. నేను నేర్చుకుని వదిలేసిన వయొలిన్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. సినిమాలకి తెల్లదే మేలని, పాటలకి పెద్దల్లుణ్ణి మించినది లేదని మళ్ళీ రాశాను. తందూర్ సాబ్ చదివి, "ఠీక్ హై, నౌకరీ పక్కా. పర్ పహలే వాలే మే గుస్సా జ్యాదా అచ్ఛా థా" అన్నాడు, మొదటిదాంట్లో కోపమే బాగుందని. ఆ మాటకి మళ్ళీ కోపం వచ్చింది.

ఉద్యోగం ఖాయమైందని చెప్పి, ఒక ఆదివారం పెద్దల్లుణ్ణి పిన్ని చెవుల్లో పెట్టి, అదే పాట వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు బాగానే విని, హఠాత్తుగా పీకేసి వంటింట్లోకి పరిగెత్తింది. "బావుంది గానీ నాయనా, ఇది పెట్టుకుంటే కుక్కరు కూత వినపడదు, పప్పు మాడిపోతుంది. నాకొద్దు" అంది. ఇంతటి వస్తువుకి ఇదా తీర్పు అని చిరాకుపడ్డాను. కానీ అసలు చిరాకు అందుకు కాదు. ఆ తర్వాత ఆదివారాలు పిన్ని తలకి నూనె పెట్టేది, నలుగు పెట్టేది, చెవుల జోలికి మాత్రం రాలేదు. చిన్న స్టీలు గరిటె గోడకి వేలాడుతూ ఉండేది. నేనెంత మొహం చిట్లించినా దానివైపు వెళ్ళేది కాదు. ఒక్కమాట అడిగితే ఏం పోయిందని నేను పళ్ళు కొరుక్కునేవాణ్ణి. పొయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు, పోస్తానని అనడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. ఇద్దరికీ ఇద్దరం సరిపోయాం.

బాబాయి రిటైరయ్యాక వాళ్ళు వైజాగ్ వెళ్ళిపోయారు. బుజ్జి ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఉంటోంది, వాళ్ళ పిల్లలు ఇప్పుడు తెలుగు అర్థం కూడా చేసుకోరు. నేనింకా ఢిల్లీలోనే, ఇలాంటి వస్తువుల గురించే రాస్తూ, ఇలాగే కోప్పడుతూ ఉన్నాను. తీగల్లేని బుడిపెలొచ్చాయి. మెట్రోలో ఎక్కినవాళ్ళందరి చెవుల్లోనూ అవే. ఎవరెంత మొహం చిట్లించినా పక్కవాడు తలెత్తి చూడడు. మొన్న పిన్ని ఫోన్ చేసినప్పుడు కొత్తగా పరీక్షకి వచ్చిన అలాంటిదే ఒకటి చెవుల్లో పెట్టుకుని మాట్లాడుతున్నాను. "ఏవిట్రా, నీ గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది?" అంది.

నాకు భగ్గుమంది. ఇంత ఖరీదైన సరుకు, మైకు గురించి మొన్ననే మెచ్చుకుంటూ రాశాను, బావి అంటుందేమిటి? పీకి బల్ల మీద పడేసి, ఫోను చెవికి ఆనించుకున్నాను. పిన్ని మెల్లిగా, ఇన్నేళ్ళ తర్వాత, కొంచెం భయపడుతూ అడిగింది, "చెవి నొప్పిగా గానీ ఉందా నాయనా?"

లేదు, ఉంటే నేనే చెబుతాను కదా, అని అరవడానికి నోరు తెరిచాను. ఆనాటి కోపిష్టి కుర్రాడు లోపల్నుంచి నన్ను చూసి, ఈసారైనా సరిగ్గా తలూపరా అన్నట్టు నవ్వాడు.

"కొంచెం ఉంది పిన్నీ" అన్నాను.

"నే అనుకుంటూనే ఉన్నాను" అని పిన్ని హుషారుగా మొదలుపెట్టింది. నువ్వులనూనె ఎంత పొయ్యాలో, వెల్లుల్లి రేకలు ఎంత ఎర్రబడాలో, వేలితో వేడి ఎలా చూసుకోవాలో, పెరుగు ఎందుకు తినకూడదో, అన్నీ చెప్పింది. ఒక్క ముక్క పోకుండా, ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని విన్నాను.